అన్ని రకాల సంగీతమూ నిర్వహించే కండక్టర్‌గా ఎదగవచ్చా?

ప్రశ్న: నా వయసు ఇరవై ఎనిమిది. ఒక సింఫనీ ఆర్కెస్ట్రాలో వయోలా (వయొలిన్ కంటే కాస్త పెద్ద తంత్రీ వాద్యం) వాయిస్తున్నాను, రెండేళ్లుగా అక్కడే సహాయ కండక్టర్‌గానూ, అంటే వాద్యబృందాన్ని చేతి సంజ్ఞలతో నడిపే పనిలోనూ ఉన్నాను. వచ్చే సీజన్‌కు నాకు మూడు ఆహ్వానాలు అందాయి. ఒక బ్యాలే సంస్థ ‘స్వాన్ లేక్’ ప్రదర్శనలు కొన్నింటిని నిర్వహించమని అడిగింది. రెండోది, తెర మీద సినిమా నడుస్తుండగా దాని సంగీతాన్ని ఆర్కెస్ట్రా ఎదురుగా కూర్చుని వాయించే కార్యక్రమం. మూడోది, పద్దెనిమిదో శతాబ్దపు పద్ధతిలో, ఆనాటి వాద్యాలతో వాయించే ఒక చిన్న బృందం నుంచి వచ్చింది. మా గురువుగారు మాత్రం ‘ఇన్ని రకాలు ముట్టుకుంటే నీకంటూ ఒక ముద్ర మిగలదు, బ్రక్నర్, మాలర్ సింఫనీల మీదే కూర్చో, వయోలా కుర్చీ కూడా వదిలెయ్యి’ అంటున్నారు. నాకు ఇవన్నీ ఇష్టమే. బహుముఖంగా ఎదగాలనుకోవడం తప్పా?

సమాధానం: తప్పు కాదు. అయితే మీ గురువుగారి మాటను ఛాందసమని కొట్టిపారేయవద్దని ముందుగానే కోరుతున్నాను. ఆయన భయపడుతున్నది నిజంగా జరిగే ప్రమాదమే. నలుగురు కండక్టర్లు చేయవలసిన పనిని ఒక్కరే పైపైన చేసుకుంటూ పోతే, ప్రతి ఆర్కెస్ట్రా ముందూ అరకొర సిద్ధపాటుతో నిలబడవలసి వస్తుంది. వాద్యకారులు ఆ సంగతిని మొదటి రిహార్సల్‌లో మొదటి పావుగంట గడవక ముందే పసిగడతారు. పైకి ఏమీ అనరు, మర్యాదగా వాయించి ఇంటికి వెళ్తారు, మళ్లీ పిలవమని మాత్రం ఎవరితోనూ చెప్పరు. అందువల్ల మీరు తేల్చుకోవలసింది ఎన్ని రకాలు చేయాలన్నది కాదని నాకనిపిస్తుంది. ఒక రకం పనిలో చేతికీ చెవికీ పట్టుబడినదాన్ని ఇంకో రకం పనిలోకి తీసుకువెళ్లగలుగుతున్నారా లేదా అన్నదే మీరు ప్రతి ఆహ్వానం విషయంలోనూ వేసుకోవలసిన ప్రశ్న. అలా తీసుకువెళ్లగలిగినప్పుడే బహుముఖత్వానికి అర్థం ఉంటుంది.

దీనికి నేను ఎప్పుడూ చూపించే ఉదాహరణ సర్ చార్లెస్ మకెరాస్. 1925లో పుట్టి 2010లో కన్నుమూసిన ఈ ఆస్ట్రేలియన్ కండక్టర్ జీవితాన్ని వరుసగా చూస్తే మీ ప్రశ్నకు సగం జవాబు అందులోనే దొరుకుతుంది. ఆయన మొదట సిడ్నీ సింఫనీ ఆర్కెస్ట్రాలో ఓబో అనే గాలి వాద్యం వాయించారు. 1947లో ఉపకారవేతనం మీద ప్రాగ్ వెళ్లి కండక్టర్ వాత్స్లావ్ తాలిఖ్ వద్ద శిష్యరికం చేశారు, అక్కడే చెక్ స్వరకర్త యానాచెక్ ఒపెరాలు (పాటలతో నడిచే నాటకాలు) విని వాటికి కట్టుబడిపోయారు. బ్రిటన్‌కు తిరిగి వచ్చి లండన్‌లోని సాడ్లర్స్ వెల్స్ ఒపెరా సంస్థలో చేరారు. 1951లో అదే వేదిక మీద యానాచెక్ ‘కాట్యా కబనోవా’ను బ్రిటన్‌లో మొదటిసారి నిర్వహించారు. అదే సంవత్సరం ఆంగ్ల స్వరకర్త సలివన్ హాస్య ఒపెరాల్లోని పాటలను ఏర్చి కూర్చి ‘పైనాపిల్ పోల్’ అనే బ్యాలేకు సంగీతం సిద్ధం చేశారు. ఒకవైపు అప్పటికి ఆ దేశపు శ్రోతలు ఎరగని చెక్ విషాద నాటకం, మరోవైపు జనాన్ని నవ్వించే బ్యాలే. ఒకే మనిషి, ఒకే ఏడాది.

అంతటితో ఆయన ఆగలేదు. 1959లో హాండెల్ ‘రాయల్ ఫైర్‌వర్క్స్’ సంగీతాన్ని స్వరకర్త మొదట ఉద్దేశించిన విధంగా, తంత్రీ వాద్యాలు లేకుండా గాలి వాద్యాలతోనూ డప్పులతోనూ రికార్డు చేయాలని సంకల్పించారు. అందుకు ఇరవై ఆరుగురు ఓబో వాద్యకారులు కావలసి వచ్చింది. అంతమంది ఒకే చోట చేరాలంటే లండన్ కచేరీలన్నీ ముగియాలి కనుక, ఆ రికార్డింగును రాత్రి పొద్దుపోయాక మొదలుపెట్టారు. స్వయంగా ఓబో వాయించిన మనిషి కావడం వల్లనే ఆ గుంపు ఎలా ఊపిరి పీల్చుకుంటుందో, ఎక్కడ అలసిపోతుందో ఆయనకు తెలుసు. 1965లో మొజార్ట్ ‘ఫిగారో వివాహం’ నిర్వహిస్తూ, ఆనాటి గాయకులు స్వరాలకు చేర్చుకునే అలంకారాలను పాత ప్రతులు పరిశోధించి తిరిగి ప్రవేశపెట్టారు. ఆ తర్వాత వియన్నా ఫిల్‌హార్మోనిక్‌తో యానాచెక్ ఒపెరాలను వరుసగా రికార్డు చేశారు. ప్రాగ్‌లో విద్యార్థిగా పుట్టిన అభిమానం మూడు దశాబ్దాల తర్వాత కూడా సడలలేదు. ఈ జీవితంలో వైవిధ్యం కనబడుతుంది గాని చెదురుమదురుతనం కనబడదు. ప్రతిచోటా ఆయన చేసిన పని ఒక్కటే: అచ్చు ప్రతిని గుడ్డిగా నమ్మకుండా, ఆ సంగీతం పుట్టిన కాలంలో ఎలా మోగి ఉంటుందో ఆరా తీయడం. హాండెల్‌కు అదే, సలివన్‌కు అదే, యానాచెక్‌కూ అదే. మీ గురువుగారు కోరుతున్న ముద్ర అంటే ఇదే. ఫలానా స్వరకర్తను మాత్రమే నిర్వహిస్తానని గిరి గీసుకోకపోయినా అది ఏర్పడుతుంది.

ఇక్కడ మీకు ఎదురయ్యే వాదన ఒకటుంది, దాన్ని నేనే ముందుకు తెస్తాను. కార్లోస్ క్లైబర్ సంగతేమిటని ఎవరైనా అడుగుతారు. ఆయన పరిణత వయసులో వేళ్ల మీద లెక్కపెట్టదగిన రచనలనే పదే పదే నిర్వహించారు, ఏ ఆర్కెస్ట్రాకూ శాశ్వత అధిపతిగా ఉండలేదు, అయినా ఇరవయ్యో శతాబ్దపు మహా కండక్టర్లలో ఒకరని ఆయన తోటి కండక్టర్లే అంటారు. కొద్ది రచనలతోనే శిఖరం ఎక్కవచ్చనడానికి ఇంతకంటే రుజువు ఏముంటుందని అనిపిస్తుంది. కానీ ఆ కొద్దితనం ఎప్పుడు వచ్చిందో చూడండి. ఆయన తొలిసారి జనం ముందు నిర్వహించినది 1954లో, పోట్స్‌డామ్‌లో, ఒక ఆపరెట్టా, అంటే తేలికపాటి హాస్య ఒపెరా. ఆ తర్వాత డ్యుసెల్‌డార్ఫ్, జ్యూరిక్, స్టుట్‌గార్ట్ ఒపెరా థియేటర్లలో ఏళ్ల తరబడి ఆపరెట్టాలు, బ్యాలేలు, ఒపెరాలు, సంస్థ ఏది ఇస్తే అది నిర్వహించారు. అంత విస్తారమైన చాకిరీ చేసిన తర్వాతనే తనకు కావలసినవి ఏవో ఏరుకున్నారు. ఇరవై ఎనిమిదేళ్లకే ఏరుకోవడం మొదలుపెడితే, ఏరుకోవడానికి మీ ముందు ఏమీ ఉండదు.

మీ గురువుగారు చెప్పిన మాలర్ కూడా ఇదే దారిలో వచ్చినవాడే. 1880 వేసవిలో బాడ్ హాల్ అనే చిన్న స్నానతీర్థపు థియేటర్‌లో ఆపరెట్టాలు నిర్వహించడంతో ఆయన వృత్తి మొదలైంది. అక్కడి నుంచి ల్యుబ్లియానా, ఒలోమోట్స్, కాసెల్, ప్రాగ్, లైప్‌జిగ్, బుడాపెస్ట్, హాంబర్గ్ దాటుకుని 1897లో వియన్నా దర్బారు ఒపెరాకు చేరారు. ఆయన సింఫనీల్లో వేదిక వెనక నుంచి హార్న్‌లు మోగే చోట్లను చూసినప్పుడల్లా, వాటిని రాసింది నాటకశాలలో బతికిన మనిషేనని నాకు తోస్తుంది. కాబట్టి మాలర్‌ను బాగా నిర్వహించాలన్న కోరికతోనైనా సరే, మీరు థియేటర్‌లోకి వెళ్లాలి.

ఇక మీ ఆహ్వానాల సంగతి. మూడింటిలో బ్యాలేను మీరు తప్పకుండా ఒప్పుకోవాలన్నది నా అభిప్రాయం, దాని గురించే కాస్త విపులంగా రాస్తాను. సింఫనీ వేదిక మీద కాలప్రమాణం మీ చేతిలో ఉంటుంది. మీరు కొంచెం నెమ్మదించినా, కొంచెం తొందరపడినా వాద్యకారులు సర్దుకుంటారు, ఎవరికీ దెబ్బ తగలదు. బ్యాలేలో మీ చేయి ఒక మనిషి శరీరంతో ముడిపడి ఉంటుంది. ‘స్వాన్ లేక్’ మూడో అంకంలో, సంప్రదాయ నృత్యరూపంలో ప్రధాన నర్తకి ఒంటికాలి మీద వరుసగా ముప్పై రెండు చుట్లు తిరుగుతుంది. ప్రతి చుట్టుకూ ముందు ఆమె నిలబడిన కాలి మోకాలు కొద్దిగా వంగుతుంది, ఆ వంపు నుంచే శక్తి తీసుకుని మడమ పైకి లేస్తుంది, గాలిలో ఉన్న రెండో కాలు కొరడాలా విసురుకుని లోపలికి వస్తుంది. మీ బీట్, అంటే చేతితో చూపే తాళం, ఆలస్యమైతే ఆమె మునివేళ్ల మీద ఎక్కువసేపు నిలవవలసి వచ్చి తూలుతుంది, తొందరైతే మోకాలు పూర్తిగా వంగే వ్యవధి దొరక్క చుట్టు తెగిపోతుంది. కాబట్టి మీరు చూడవలసింది ఆమె చేతులనూ ముఖాన్నీ కాదు, ఆ మోకాలిని. ఇంకో చిక్కు కూడా ఉంది. ఒకే సీజన్‌లో ఆ పాత్రను ఇద్దరు ముగ్గురు వంతులవారీగా వేస్తారు, ఒకరికి నప్పిన వేగం ఇంకొకరికి నప్పదు. నిన్నటి వేగాన్ని చేతికి అలవాటు చేసుకుని ఈ రోజు వెళ్తే ప్రమాదం. అదే సమయంలో వేదిక ముందు పల్లంగా ఉండే పిట్‌లో కూర్చున్న డెబ్భై మందికి ఆమె కనబడదు, వాళ్లకు కనబడేది మీ చేయి ఒక్కటే. ఆమె శరీరంలో చూసినదాన్ని సంగీతం కుంటుపడకుండా చేతిలోకి తెచ్చుకుని వాళ్లకు అందించాలి. ఇది నేర్చుకున్న చేయి ఆ తర్వాత ఏ సోలో వాద్యకారుడి పక్కన నిలబడినా, బ్రామ్స్ కాన్సెర్టోలో అయినా సరే, తడబడదు.

ఒపెరాకు మీకు ఆహ్వానం రాలేదు గాని, వస్తే అదీ ఇటువంటి పాఠమే. ఆర్కెస్ట్రా తోడుగా సాగే సంభాషణ భాగాల్లో గాయకుడు తన ఇష్టమైన వేగంతో మాటలు పలుకుతాడు, వాద్యకారులు తాము వాయించనవసరం లేని ఖాళీ కొలతలు (తాళపు ఆవృతాలు) లెక్కపెట్టుకుంటూ కూర్చుంటారు. ఆ ఖాళీ కొలతలను మీరు చిన్నగా, స్పష్టంగా, ముందుగానే దాటించేసి, గాయకుడి ఆఖరి అక్షరం కోసం చేయి ఎత్తి కాచుకుని ఉండాలి. అక్షరం విన్నాక చేయి ఎత్తితే అప్పటికే ఆలస్యం అయిపోతుంది, ఆ అక్షరం రాబోతోందని తెలుసుకుని ఎత్తాలి. అందుకే ఆ భాషలోని మాటలన్నీ మీకు కంఠతా రావాలి. ఒపెరా థియేటర్‌లో గాయకులకు పియానో వాయిస్తూ పాఠం చెప్పించే రెపెటిటర్ ఉద్యోగం నుంచి ఇంతమంది పెద్ద కండక్టర్లు రావడానికి కారణం ఇదే. జార్జ్ షోల్టీ బుడాపెస్ట్ ఒపెరాలో అలాగే ఏళ్లు గడిపి, 1938లో ‘ఫిగారో వివాహం’తో కండక్టర్‌గా నిలబడ్డారు. మీ వాద్యం వయోలా కనుక ఆ దారి మీకు సులభం కాదు. అయినా పియానో సాధన ఏ కాస్త మిగిలి ఉన్నా దాన్ని వదులుకోవద్దు.

సినిమా కార్యక్రమం గురించి మీకు రెండు విధాలైన సలహాలు వినిపిస్తాయి. డబ్బు బాగా వస్తుంది, హాలు నిండుతుంది, ఒప్పుకోమని కొందరంటారు. అది సంగీతం కాదు, యంత్రానికి ఊడిగమని కొందరంటారు. ఈ రెండో మాటతో నేను ఏకీభవించను. ఆండ్రే ప్రెవిన్ యౌవనమంతా హాలీవుడ్‌లో గడిచింది, సినిమా సంగీతానికి ఆయనకు నాలుగు ఆస్కార్లు వచ్చాయి, జాజ్ పియానిస్టుగానూ పేరు సంపాదించారు. శాస్త్రీయ వేదిక మీదికి వచ్చినప్పుడు ‘హాలీవుడ్ మనిషి’ అన్న మాట ఆయనను చాలాకాలం వెంటాడింది. అయినా 1968 నుంచి 1979 వరకు లండన్ సింఫనీ ఆర్కెస్ట్రాకు ప్రధాన కండక్టర్‌గా ఉండి, రఖ్‌మానినోవ్, వాన్ విలియమ్స్, వాల్టన్ సంగీతాల్లో అందరూ గౌరవించే రికార్డులు చేశారు. స్టూడియోలో గడియారం చూసుకుంటూ, చేతిరాత ఆరని కాగితాలను మొదటిసారి చూస్తూనే వాయించే వాద్యకారుల చేత తక్కువ సమయంలో ఎక్కువ పని చేయించిన అనుభవం ఆయనకు జీవితాంతం ఉపయోగపడి ఉంటుందని నా నమ్మకం. అయితే ఆ ముద్రను తుడిచేసుకోవడానికి ఆయనకు ఏళ్లు పట్టిందన్న సంగతినీ మరచిపోకండి. అందుచేత ఈ కార్యక్రమాన్ని వచ్చే సీజన్‌లో ఒకసారి చేయండి, వరుసగా చేయకండి. సినిమా ఎవరి కోసమూ ఆగదు. కండక్టర్ ఎదుట ఉన్న చిన్న తెర మీద ఒక నిలువు గీత ఎడమ నుంచి కుడికి సాగి, చివర ఒక మెరుపు మెరుస్తుంది, ఆ క్షణానికి మీ బీట్ అక్కడ ఉండాలి. కొన్ని చోట్ల చెవిలో తాళం చెప్పే క్లిక్ మోగుతుంది. ఆ క్లిక్‌కు బానిసలై చేయి బిగుసుకుపోతే ఆర్కెస్ట్రా కూడా బిగుసుకుపోతుంది. రెండు గుర్తుల మధ్య ఉన్న వ్యవధిలో స్వరవాక్యానికి ఊపిరి ఇచ్చి, గుర్తు దగ్గరికి సరిగ్గా చేరడమే అక్కడి నేర్పు. వీడియోనూ, అన్ని వాద్యాల స్వరాలూ రాసి ఉండే స్కోరునూ రిహార్సళ్లకు కొన్ని వారాల ముందే పంపాలని ఒప్పందంలో రాయించుకోండి. ఆ పని ముందురోజు కూర్చుని నేర్చుకోదగినది కాదు.

మూడో ఆహ్వానం విషయంలో నా సలహా మీకు వింతగా తోచవచ్చు. ఆ బృందాన్ని ఇప్పుడే నిర్వహించకండి, వాళ్లతో కలిసి వయోలా వాయించడానికి అనుమతి అడగండి. పేగు తంత్రులతో, పాతకాలపు కమానుతో వాయించడమంటే వేషం మార్చడం కాదు, మొత్తం వాక్యనిర్మాణమే మారుతుంది. ఆ కమాను మొన వైపు తేలికగా ఉంటుంది, కనుక ప్రతి స్వరమూ పుట్టిన వెంటనే సన్నబడటం మొదలుపెడుతుంది. నేటి ఆర్కెస్ట్రాల్లో సాధారణంగా 440 హెర్ట్జ్ దగ్గర ఉండే శ్రుతిని అక్కడ చాలాసార్లు 415 హెర్ట్జ్‌కు, అంటే సుమారు అరస్వరం కిందికి దించుతారు. ఆధునిక కమానుతో పెరిగిన మనిషి పోడియం (కండక్టర్ పీఠం) మీద నిలబడి వాళ్లకు వాక్యం ఎలా పలకాలో చెప్పబోతే, ఆ వాద్యాల మీద పుట్టుకరాని కోరికలన్నీ కోరతాడు. నికోలాస్ ఆర్నోన్‌కూర్ 1952 నుంచి 1969 వరకు వియన్నా సింఫనీ ఆర్కెస్ట్రాలో చెల్లో వాయించారు. ఆ ఉద్యోగం చేస్తూనే 1953లో పాత వాద్యాల బృందం ‘కొన్‌సెంటస్ ముజికుస్’ను స్థాపించి, అందులోనూ తానే చెల్లో పట్టుకుని కూర్చుని నడిపారు. తర్వాతి కాలంలో ఆయన పెద్ద ఆర్కెస్ట్రాల చేత బేతోవెన్ వాయింపజేసినప్పుడు వినిపించిన పదును ఆ కుర్చీలో సంపాదించినదే. ఒక సీజన్ వాళ్ల మధ్య కూర్చోండి. వచ్చే ఏడాది మీ చేత నిర్వహింపజేయాలా వద్దా అన్నది వాళ్లే చెబుతారు.

ఈ పాటికి వయోలా కుర్చీ గురించి నేనేమంటానో మీకు తెలిసే ఉంటుంది. ఇప్పుడే వదలవద్దు. కండక్టర్ ఏమి చేస్తే వాద్యకారులకు పని తేలికవుతుందో, ఏమి చేస్తే చిరాకు పుడుతుందో నేర్చుకోవడానికి అంతకు మించిన చోటు లేదు. పైగా వయోలా మధ్యలో ఉంటుంది, పైన సాగే పాట, కింద నడిచే మంద్రం రెండూ ఆ కుర్చీలోకి వినిపిస్తాయి. అతిథిగా వచ్చే ప్రతి కండక్టరూ రిహార్సల్‌ను ఎక్కడ ఆపుతున్నారో, ఆపిన తర్వాత ఎన్ని మాటలు చెబుతున్నారో గమనించండి. బాగా నడిపేవారు సంగీతాన్ని తరచూ ఆపరు, ఆపినప్పుడు ఫలానా కొలత నుంచి, ఫలానా వాద్యాలు, ఫలానా విధంగా అని రెండు వాక్యాల్లో తేల్చి మళ్లీ మొదలుపెడతారు. సహాయ కండక్టర్‌గా మీకు ఇంకో బాధ్యత కూడా ఉంది. 1943 నవంబర్ 14న ఆనాటి కచేరీని నిర్వహించవలసిన బ్రూనో వాల్టర్‌కు అస్వస్థత కలిగినప్పుడు, న్యూయార్క్ ఫిల్‌హార్మోనిక్‌లో సహాయ కండక్టర్‌గా ఉన్న ఇరవై అయిదేళ్ల లియొనార్డ్ బెర్న్‌స్టైన్ రిహార్సల్ లేకుండానే వేదిక ఎక్కారు. అందరూ దీన్ని అదృష్టకథగా చెప్పుకుంటారు. ఆ రోజు వాయించవలసిన స్కోర్లు ఆయన ముందే చదివి ఉండటం వల్లనే ఆ అదృష్టం అక్కరకు వచ్చింది. మీ ఆర్కెస్ట్రా ఈ సీజన్‌లో వాయించే ప్రతి రచననూ, రేపు మీరే నిర్వహించాలన్నట్టు చదవండి. బ్రక్నర్, మాలర్ కూడా అందులో ఉంటారు, కాబట్టి గురువుగారి కోరిక కూడా తీరుతుంది.

మరో విషయం, క్లుప్తంగా. పోటీలకు వెళ్లాలా అని మీరు అడగలేదు గాని చాలామంది అడుగుతారు. వెళ్లవచ్చు. జుబిన్ మెహతా 1958లో లివర్‌పూల్‌లో గెలిచిన తర్వాతా, సైమన్ రాటిల్ 1974లో పందొమ్మిదేళ్లకే ఒక పోటీ గెలిచిన తర్వాతా వాళ్లకు తలుపులు తెరుచుకున్నాయి. కానీ రాటిల్‌ను రాటిల్ చేసింది ఆ బహుమతి కాదు, 1980 నుంచి 1998 వరకు బర్మింగ్‌హామ్‌లో ఒకే ఆర్కెస్ట్రాతో చేసిన కాపురం. బహుముఖంగా ఎదిగిన కండక్టర్లలో చాలామందికి ఇటువంటి ఇల్లు ఒకటి ఉంది. మీకూ ఉంది, ఇప్పుడు మీరు కూర్చుంటున్న ఆర్కెస్ట్రాయే అది. బయట నేర్చుకున్నదాన్ని పరీక్షించుకోవడానికి ఏడాదికి ఒక్క కచేరీ అయినా అక్కడ మీకు ఇవ్వమని అడగండి. ఆ కార్యక్రమంలో ఏమి పెట్టాలో మీ గురువుగారితో కలిసి నిర్ణయించుకోండి.

బ్యాలే సంస్థకు ఒప్పుకుంటూ జవాబు రాసేటప్పుడు ఒక్క షరతు పెట్టండి. నర్తకులు పియానో తోడుతో స్టూడియోలో సాధన చేసే రిహార్సళ్లకు మొదటి రోజు నుంచే మీరు హాజరు కావాలి, కేవలం ఆర్కెస్ట్రా వచ్చిన తర్వాత కాదు. పాత్ర వేసే నర్తకులందరితో విడివిడిగా మాట్లాడటానికి, వాళ్లకు కావలసిన వేగాలను స్కోరులో ఒక్కొక్కరికి ఒక్కో రంగు పెన్సిలుతో గుర్తుపెట్టుకోవడానికి వ్యవధి కావాలి. అందుకు ఆ సంస్థ సమ్మతిస్తే ఈ వారమే సంతకం చేయండి, సమ్మతించకపోతే తర్వాతి సీజన్‌కు అడగమని మర్యాదగా రాయండి.